పొడి అతుకు

వంటింటి బల్ల మీద మీటరు పన్నెండున్నర చూపించింది.
పాత డ్రిల్లు మిషను బ్యాటరీ, రెండు గజాల తీగ,
చివర నాలుగు పిన్నుల కనెక్టరు.
కొనాలంటే వారం జీతం.
నేనే చేసుకున్నాను, మూడు చోట్ల వేలు కాల్చుకుని.

నోల్సోయ్ దీవిలో, గొర్రెల దొడ్డి రాతిగోడ పక్కన,
అర్ధరాత్రి దాటాక బటన్ నొక్కాను.
తెర వెలిగింది, ఆవలించినంత సేపు ఉండి
ఆరిపోయింది.

రాళ్ల సందుల్లో అప్పటికే మొదలెట్టేశాయి
తుఫాను పిట్టలు. పిడికిట్లో పడతాయి.
పగలంతా సముద్రం మీదే, చీకటి పడ్డాకే గూటికి.
కుట్టుమిషను తొక్కుతున్నట్టు గుర్రు,
మధ్యలో ఒక్క ఎక్కిలి, మళ్లీ గుర్రు.
నడివేసవిలో ఇక్కడ చీకటంటే చేబదులు,
రెండు గంటల్లో తిరిగి ఇచ్చెయ్యాలి.

"తొందరపడకు, రన్వా" అన్నాడు హానుస్,
నలభై ఏళ్లు చేపల ఓడల్లో కరెంటు పని చేసినవాడు.
ఫ్యూజు చూశాం. బాగుంది.
ప్లస్సు మైనస్సు తారుమారు చేశానేమోనని నా గుండె దడ.
లేదు, ఒకటో పిన్నుకి నలుపు, నాలుగో పిన్నుకి ఎరుపు,
అట్టముక్క మీద రాసుకున్నట్టే.
మీటరు పెడితే మళ్లీ అదే పన్నెండున్నర,
పెళ్లిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా.

"ఊరికే కూర్చున్నదాన్ని కొలిస్తే ఏం తెలుస్తుంది?
పని చెప్పి కొలువు."
కనెక్టరు టోపీ విప్పి, పిన్నుల వెనక ముళ్లు ఆనించి
రికార్డరు ఆన్ చేయించాడు.
పన్నెండు. పది. ఏడున్నర. చీకటి.
బ్యాటరీ దగ్గర మాత్రం పన్నెండు చెక్కుచెదరలేదు.
దారిలో ఎవరో తినేస్తున్నారు.

తీగని చిటికెన వేలితో కాస్త వంచాడు. వెలిగింది.
వదిలాడు. ఆరింది.
వంచాడు.
"దొరికాడు దొంగ."

టంకం పెట్టే పెన్ను తెచ్చాను, అందులో గ్యాసు లేదు.
ఆ మాట చెప్పకుండా ఉందామనుకుని, చెప్పేశాను.
ఆయన ఏమీ అనలేదు. గోడకి వీపు ఆనించి
ఆ వంపు మీద వేలు పెట్టి కూర్చున్నాడు.
"కానీ."

డెబ్భై రెండేళ్లు, వంగని మోకాలు, పల్చని స్వెట్టరు.
దగ్గొస్తే మింగాడు.
హెడ్‌ఫోన్లలో నాకు గోడంతా వినిపిస్తోంది,
గోడకి ఇటు ఆయన ఊపిరి కూడా.

పదో నిమిషమో ఇరవయ్యోదో,
ఓ పిట్ట సందులోంచి దేక్కుంటూ బయటికొచ్చింది.
నేల మీద నడక రాదు వాటికి.
రాయనుకుందో ఏమో, ఆయన మణికట్టు ఎక్కి
అక్కడే గొంతెత్తింది.
హానుస్ నావైపు చూశాడు.
కళ్లు తప్ప ఇంకేదీ కదల్లేదు.

నలభై ఒకటో నిమిషంలో అది ఎగిరింది.
వేలు ఉలిక్కిపడింది. ఫైలు అక్కడితో తెగింది.
ఎక్కిలి సగంలో.

తెల్లారాక వంటింట్లో విప్పి చూశాను.
టంకం బూడిదరంగులో ఉంది, మెరుపు లేదు.
వేడి చాలక పైపైన కూర్చుంది.
గోరు తగిలిస్తే ఊడొచ్చింది, ఎండిన మెతుకులా.
పంతొమ్మిది రాగి పోగులకి పద్దెనిమిది
దేన్నీ అంటుకుని లేవు.
ఆ ఒక్కటీ ఆయన వేలి కింద.

మళ్లీ అతికాను, కరిగి మెరిసేదాకా ఓపిక పట్టి.
ఈసారి పని చెప్పి కొలిచాను. పన్నెండు,
ఎంత వంచినా పన్నెండు.
హానుస్‌కి ఫోన్ చేసి ఆ అంకె చెప్పాను.

"మంచిది" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"చెయ్యి ఇంకా నూనె వాసనే, రన్వా.
దాని ఒంటి వాసన.
కడుక్కోలేదు."